దీపం వంగాలి గానీ ఆరకూడదు

కాకినాడ,
11 సెప్టెంబరు 2022.

బుజ్జీ,

మొన్న ఫోన్లో ఏడు నిమిషాలు మాట్లాడావు. అందులో నాలుగుసార్లు ఆగావు. ఏడుపు ఆపుకోవడానికి ఆగావని మీ నాన్న అనుకున్నాడు. అది ఏడుపు కాదని నాకు తెలుసు. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేశాను, అందులో సగం ఛాతీ వార్డులోనే. మాట సగంలో ఉండగా గాలి అయిపోవడం, భుజాలు పైకి లేవడం, నోరు తెరిచి గబుక్కున ఇంత గాలి మింగి మళ్లీ మాట అందుకోవడం. కళ్లు మూసుకుని విన్నా ఆ చప్పుడు గుర్తుపడతాను.

సంక్రాంతి రోజుల్లో నీకు వచ్చిన కోవిడ్ జ్వరం నాలుగు రోజుల్లో తగ్గింది. ఆసుపత్రి గడప తొక్కే పని కూడా పడలేదు. ఎనిమిది నెలలైనా స్కూల్లో మేడమెట్లు ఎక్కితే ఆయాసం. మూడో తరగతికి ఏడో ఎక్కం చెప్పించేసరికి గొంతు ఆగిపోతోంది. బట్టలు ఉతికి ఆరేసిన రోజున మర్నాడు సాయంత్రం దాకా మంచం దిగలేకపోతున్నావు. ఎక్స్‌రే బాగుంది, ఆక్సిజన్ 98 ఉంది. చూసిన డాక్టరు అంతా నార్మల్, టెన్షన్ తగ్గించుకోమన్నాడు. అది చెప్పి, "నేనే ఊహించుకుంటున్నానా అత్తా?" అని అడిగావు. ఆ మాటకే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే నీకు సగం గుర్తుండదు, నాతో మాట్లాడినా ఆయాసమే. కాగితం మీద ఉంటే రోజుకు కాస్త చదువుకోవచ్చు.

నువ్వు ఊహించుకోవడం లేదు తల్లీ. ఈ జబ్బుకు పేరు పెట్టింది డాక్టర్లు కాదు, నీలాంటి ఒక రోగే. ఎలిసా పెరెగో అనే ఇటలీ పురావస్తు పరిశోధకురాలు తనకు వచ్చిన జబ్బు ఎంతకీ వదలకపోయేసరికి 2020 మే నెలలో ట్విట్టర్‌లో దాన్ని లాంగ్ కోవిడ్ అని రాసింది. అప్పటికి రెండు వారాల్లో తగ్గిపోయే జబ్బనే అందరూ అంటున్నారు. ఆ మాట పట్టుకుని వేలమంది మాకూ ఇంతే అన్నారు. 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి నిర్వచనం రాసింది. జబ్బు మొదలైన మూడు నెలలకు కూడా ఉండి, కనీసం రెండు నెలలు సాగి, వేరే జబ్బేదీ కారణమని తేలని లక్షణాలు ఇందులోకి వస్తాయి. అలసట, ఆయాసం, మతిమరుపు అన్నీ ఆ లక్షణాల జాబితాలో మొదటే ఉన్నాయి. ఇంట్లో ఎవరైనా నిన్ను సోమరి అంటే ఈ పేరా చదివి వినిపించు. మీ అత్తగారు మంచి మనిషి, వింటుంది.

ఎక్స్‌రే బాగుంటే ఆయాసం ఎందుకంటావు. ఊపిరి తీసే పనిలో ఎక్కువ భాగం డయాఫ్రం అనే కండరానిది. ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా పరుచుకుని ఉంటుంది. అది కిందికి దిగితే పొట్ట ముందుకు వస్తుంది, ఊపిరితిత్తుల అడుగు దాకా గాలి చేరుతుంది. మెడ కండరాలూ భుజాల కండరాలూ కష్టకాలానికి ఉన్నవి. పరుగెత్తినప్పుడు, భయపడినప్పుడు, జ్వరంతో రొప్పుతున్నప్పుడు అవి సాయం వస్తాయి. నీ జ్వరం రోజుల్లోనూ వచ్చాయి. జ్వరం పోయింది గానీ అవి పని మానలేదు. ఈ ఎనిమిది నెలలుగా నువ్వు ఛాతీ పైభాగంతో, చిన్నచిన్నగా, వేగంగా ఊపిరి తీస్తున్నావు. సాయంత్రానికి మెడ పట్టేస్తోందన్నావే, అది అందుకే.

ఇంకో సంగతి ఉంది. వేగంగా పీలిస్తే ఆక్సిజన్ ఎక్కువ చేరుతుందని అందరం అనుకుంటాం. నీ రక్తంలో అది ఇప్పటికే 98 శాతం నిండి ఉంది. నిండిన బిందెలో ఇంకెంత పోస్తావు? వేగంగా ఊపిరి తీస్తే కార్బన్ డయాక్సైడ్ మాత్రం ఉండాల్సిన దానికంటే ఎక్కువగా బయటికి పోతుంది. అది వట్టి చెత్త కాదమ్మా. అది తగ్గితే మెదడుకు వెళ్లే రక్తనాళాలు ముడుచుకుని తల తేలిపోతుంది, వేళ్ల చివర్లు, పెదవుల చుట్టూ తిమ్మిరెక్కుతాయి. రక్తం తన దగ్గరున్న ఆక్సిజన్‌ను కండరాలకు సులువుగా వదలాలన్నా తగినంత కార్బన్ డయాక్సైడ్ కావాలి. డెన్మార్క్ శాస్త్రవేత్త క్రిస్టియన్ బోర్ ఈ సంగతి 1904లోనే చూపించాడు. అది తగ్గినప్పుడు గాలి చాలడం లేదనిపిస్తుంది, నువ్వు ఇంకా వేగంగా పీలుస్తావు. అలా తిరుగుతూనే ఉంటుంది.

నీ బాధకంతా ఇదే కారణమని మాత్రం అనను. లాంగ్ కోవిడ్‌లో కొందరికి గుండె, కొందరికి నరాలు, కొందరికి ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు. అందుకే నేను చెప్పేది మొదలుపెట్టే ముందు ఛాతీ డాక్టరుకు ఒకసారి చూపించుకో. హిమోగ్లోబిన్, థైరాయిడ్, ఈసీజీ చేయించమని అడుగు. మన ఆడవాళ్లలో చాలామంది ఆయాసానికి రక్తం తక్కువ కావడమే కారణం, దాన్ని వదిలేసి కోవిడ్‌ను తిట్టుకోకూడదు. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే కళ్లె పరీక్ష తప్పదు. పడుకుని లేచి నిలబడితే గుండె దడ వస్తోందన్నావు కదా, అది కూడా చెప్పు. నిలబడిన పది నిమిషాల్లోపు నాడి నిమిషానికి ముప్ఫైకి మించి పెరిగి అలాగే ఉంటుంటే దానికి వేరే పేరుంది, వేరే వైద్యం ఉంది. ఛాతీలో నొప్పి, ఒక కాలు మాత్రమే వాయడం, కళ్లెలో రక్తం, స్పృహ తప్పడం, ఆక్సిజన్ 92 కంటే దిగడం, వీటిలో ఏది కనిపించినా ఈ ఉత్తరం పక్కన పెట్టి 108కి ఫోన్ చెయ్యి. వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టేటప్పుడు గోళ్లరంగు ఉండకూడదు, వేళ్లు చల్లగా ఉండకూడదు. చల్లగా ఉంటే రుద్దుకుని పెట్టుకో.

ఇక ఊపిరి సంగతి.

నీకు చిన్నప్పటి చెడుగుడు గుర్తుందా? తాతగారింటి వెనక గడ్డివాము పక్కన, మగపిల్లలందరినీ ఓడించి వచ్చేదానివి. నీ కంటే గట్టిపిల్లలు నీ కూత ముందు నిలవలేకపోయేవారు. వాళ్లు గీత దాటే ముందు రొమ్ము విరిచి గుండె నిండా గాలి పీల్చుకునేవారు, పది అడుగులు వేసేసరికి దమ్ము అయిపోయేది. నువ్వు మామూలుగా ఊపిరి తీసుకుని, సన్నగా, ఒకే మోతాదులో కూత వదిలేదానివి. దమ్మంటే ఎంత పీల్చామన్నది కాదు, ఎంత పొదుపుగా వదిలామన్నది. అది నీకు తొమ్మిదేళ్లకే వచ్చు. ఇప్పుడు మళ్లీ నేర్చుకోవాల్సింది దాన్నే.

ఈ మాట నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఉద్యోగం కొత్తలో అందరికీ "గట్టిగా పీల్చండి, ఇంకా, ఇంకా" అని చెప్పేదాన్ని. ఒకరోజు ఆయాసంతో వచ్చిన ఒక పెద్దావిడ నా మాట విని ఆరేడుసార్లు బలంగా పీల్చి, కళ్లు తిరిగి నా భుజం మీద వాలిపోయింది. ఆమె ఊపిరితిత్తుల్లో గాలి తక్కువై కాదు, పాత గాలి బయటికి పోక ఇబ్బంది పడుతోంది. నిండిన సంచిలోకి నేను ఇంకా కుక్కించాను. ఆ రోజు నుంచి ఎవరికైనా ముందు వదలడమే నేర్పాను.

మొదలు పడుకుని చెయ్యి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడుచుకో, తల కింద ఒక దిండు. కుడిచెయ్యి బొడ్డు మీద, ఎడమచెయ్యి రొమ్ము మీద. ముక్కుతో మెల్లగా ఊపిరి తీసుకో. కుడిచెయ్యి లేవాలి, ఎడమచెయ్యి కదలకూడదు. పొట్టను కావాలని ఉబ్బించకు, గాలి వస్తే అదే లేస్తుంది. పీల్చేటప్పుడు రెండు లెక్కపెడితే వదిలేటప్పుడు మూడో నాలుగో. ఇంత పెద్ద ఊపిరి కావాలని పట్టుబట్టకు, చిన్నదైనా అడుగు నుంచి రావాలి. వదిలాక వెంటనే పీల్చాలని ఆత్రం పుడుతుంది. ఒక్క క్షణం ఓపిక పడితే ఊపిరి దానంతట అదే వస్తుంది. ఐదు నిమిషాలు చాలు, రోజుకు రెండు మూడు సార్లు. మొదటి వారం ఎడమచెయ్యే లేస్తుంది, చిరాకు పడకు. పడుకుని కుదిరాక కూర్చుని, కూర్చుని కుదిరాక నిలబడి, ఆ తర్వాతే నడుస్తూ. ఈ వరస తప్పితే ఫలితం ఉండదు.

ముక్కుతోనే ఎందుకంటే ముక్కు గాలిని వెచ్చబెడుతుంది, తడిచేస్తుంది, దుమ్ము ఆపుతుంది. అన్నిటికీ మించి సన్నని దారి కనుక గబగబా పీల్చనివ్వదు. నీకు కావలసింది ఆ అడ్డే.

ఆయాసం పట్టుకున్నప్పుడు చేసేది వేరు. పెదవులు సున్నాలా చుట్టి వాటి మధ్య నుంచి గాలి వదలాలి. అమ్మమ్మ కట్టెలపొయ్యి దగ్గర ఊదుగొట్టంతో ఊదేదే, అలా కాదు. నీ ఎదురుగా జానెడు దూరంలో దీపం ఉందనుకో. నువ్వు వదిలే గాలికి ఆ వత్తి మీద జ్వాల వంగాలి గానీ ఆరకూడదు. అంత మెత్తగా, ఆగకుండా, చివరి దాకా. అలా వదిలితే లోపలి చిన్న గాలిగొట్టాలు ముందే మూసుకుపోకుండా తెరుచుకుని ఉంటాయి, పాత గాలి బయటికి పోతుంది. నిలబడి ఉంటే గోడకు వీపు ఆనించి పాదాలు జానెడు ముందుకు పెట్టుకో. కుర్చీలో ఉంటే ముందుకు వంగి మోచేతులు తొడల మీద ఆనించు. స్కూల్లో అయితే టేబుల్ మీద తల వాల్చు. రాత్రి అయితే రెండు మూడు దిండ్లు ఎత్తుగా పెట్టుకుని పక్కకు తిరిగి పడుకో. చేతుల బరువు ఎక్కడో ఒకచోట ఆనితే మెడకూ భుజాలకూ విశ్రాంతి.

మెట్లకు ఒక కిటుకు ఉంది. కష్టమైన పని ఊపిరి వదులుతూ చెయ్యాలి. మెట్టు ముందు నిలబడి ఊపిరి తీసుకో, వదులుతూ ఒకటో రెండో మెట్లు ఎక్కు, ఆగి తీసుకో. కుర్చీలోంచి లేచినా, వాటర్ క్యాన్ వంచినా, పిల్లాణ్ణి ఎత్తుకున్నా అంతే. మనవాళ్లంతా ఊపిరి బిగబట్టి బరువెత్తుతారు, నువ్వు ఎప్పుడూ అలా చెయ్యకు. ఆయాసం వచ్చాక ఆగడం కాదు, రాకముందే ఆగాలి. మెట్ల మధ్యలో ఆగితే పిల్లలు చూస్తారని సిగ్గుపడుతున్నావట. చూడనీ.

ఇప్పుడు ఒక మంచి కబురు చెబుతాను. లండన్‌లో ఇంగ్లిష్ నేషనల్ ఒపేరా అని పాటల నాటకాల సంస్థ ఉంది. పాతకాలపు మన పద్యనాటకాల నటుల్లాగే వాళ్లూ మైకు లేకుండా చివరి వరస దాకా వినిపించేలా పాడతారు. పద్యం చివర రాగం తీసే నటుడి ఊపిరి ఎంతసేపు నిలుస్తుందో చూశావుగా, ఆ విద్యే వాళ్లదీ. కోవిడ్‌తో 2020లో థియేటర్లు మూతపడ్డాక, ఈ విద్య ఊపిరాడనివాళ్లకు పనికిరాదా అని అక్కడి ఇంపీరియల్ కాలేజ్ ఆసుపత్రుల డాక్టర్లతో కలిసి ఆరు వారాల శిక్షణ తయారుచేశారు. వారానికొకసారి కంప్యూటర్‌లోనే తరగతి. పాట వచ్చి ఉండనక్కర్లేదు. నేర్పినవి ఒపేరా పాటలు కాదు, జోలపాటలు. నాకు మనసు నిండిపోయింది అది చదివి. జోలపాటకు ఎక్కువ స్వరాలు అక్కర్లేదు, గొంతు పెంచక్కర్లేదు, పాడే మనిషి కూడా నెమ్మదిస్తుంది. పిల్లను పడుకోబెట్టడానికి తల్లులు కనిపెట్టిన ఊపిరి అది.

వాళ్లు దాన్ని గాలివాటంగా మెచ్చుకుని వదిలేయలేదు. 150 మంది లాంగ్ కోవిడ్ రోగులను లాటరీ పద్ధతిలో రెండుగా విడదీసి, 74 మందికి ఈ శిక్షణ, 76 మందికి మామూలు వైద్యం ఇచ్చి చూశారు. 2022లో ఆ ఫలితాలు లాన్సెట్ వారి శ్వాసకోశ వైద్య పత్రికలో వచ్చాయి. పాడినవాళ్లలో మనసుకు సంబంధించిన ఆరోగ్యం మెరుగుపడింది, పరుగెత్తేటప్పటి ఆయాసమూ తగ్గింది. శరీర బలం విషయంలో మాత్రం రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇది నీకు దాచకుండా చెబుతున్నాను, ఎందుకంటే ఊపిరి కసరత్తు నీ అలసటను కడిగేస్తుందని నమ్మి, కడగకపోతే నీ తప్పనుకోకూడదు. అది ఆయాసం మీద పట్టు ఇస్తుంది, భయాన్ని తగ్గిస్తుంది. ఆ రెండూ చిన్నవి కావు.

నీకు లండన్ తరగతి అక్కర్లేదు. రాత్రి నీ కొడుకును పడుకోబెట్టేటప్పుడు అమ్మమ్మ నీకు పాడిన జోల వాడికి పాడు. గోడకు దిండు పెట్టి ఆనుకుని, భుజాలు వదిలేసి, ఒక చరణం ఒక ఊపిరిలో రాకపోతే మధ్యలో తీసుకో. మాట చివర దీర్ఘం తీసేచోట గాలి అయిపోయేదాకా లాగకు, కొంచెం మిగిలుండగానే ఆపు. పాడే ఓపిక లేని రోజున పెదవులు మూసుకుని అదే వరస కూనిరాగం తియ్యి. యోగాలో భ్రామరి అంటారే, ఇంచుమించు అదే. 2002లో స్వీడన్ పరిశోధకులు వైట్స్‌బర్గ్, లుండ్‌బర్గ్ కొలిచి చూశారు. మామూలుగా ముక్కుతో వదిలే ఊపిరికంటే కూనిరాగం తీస్తూ వదిలే ఊపిరిలో ముక్కు నుంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ దాదాపు 15 రెట్లు ఎక్కువట. రక్తనాళాలను సడలించే వాయువు అది. అంతమాత్రాన అది జబ్బును తరిమేస్తుందని అర్థం కాదు. నేను దాన్ని చెప్పేది వేరే కారణానికి. కూనిరాగం తీస్తూ ఎవరూ గబగబా ఊపిరి వదలలేరు.

చెయ్యకూడనివి కూడా వినమ్మా. మీ పక్కింటావిడ చెప్పిన కపాలభాతి మానెయ్యి, భస్త్రిక అసలు వద్దు. ఆ రెండూ వేగంగా, బలంగా చేసేవి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల సంగతి వేరు, నీకు ఇప్పటికే ఊపిరి వేగం ఎక్కువ. ఊపిరి బిగబట్టి ఎన్ని సెకన్లు ఉండగలవో చూసుకునే పోటీలూ వద్దు. నీ దగ్గర మూడు బంతుల పరికరం ఉందన్నావు, 600, 900, 1200 అని అంకెలు ఉంటాయి. అది ఊదేది కాదు, పీల్చేది. కొన్నవాళ్లలో చాలామంది తిరగేసి ఊదడం నేను చూశాను. సరిగ్గా వాడినా మూడో బంతి లేపాలన్న పంతంతో భుజాలు ఎగరేసి పీలుస్తారు. ఆపరేషన్ అయినవాళ్లకు అది మేలు చేస్తుంది. నీకు ఇప్పుడు దానితో పని లేదు, అటక మీద పెట్టు.

అన్నిటికంటే ముఖ్యమైనది చివరికి మిగిలింది. బట్టలు ఆరేసిన మర్నాడు నువ్వు పడిపోవడం ఉంది చూడు, దాన్ని చిన్నగా తీసుకోకు. చేసిన పనికి శరీరం అప్పటికప్పుడు కాక, ఒక రోజో రెండు రోజులో ఆగి దెబ్బ కొడుతుంది. ఇలా ఉన్నవాళ్లు రోజూ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతే బలం వస్తుందన్న పాత మాట ఇక్కడ చెల్లదు. నడకలు, నడుం బిగించి పోరాడటాలు వద్దు. ఓపిక ఉన్న రోజున సగమే ఖర్చు పెట్టు. బాగున్న రోజే మనవాళ్లకు ప్రమాదం, పెండింగ్ పనులన్నీ ఆ రోజే చేసేస్తారు. కూరగాయలు కూర్చుని తరుగు, స్టూలు వేసుకుని స్నానం చెయ్యి, బట్టలు మీ ఆయన ఆరేస్తాడు. ఊపిరి కసరత్తు చేసిన మర్నాడు నీరసం పెరిగితే ఐదు నిమిషాలను రెండు చెయ్యి. పాత క్యాలెండర్ వెనక రోజూ మూడు ముక్కలు రాసిపెట్టు: ఏం చేశాను, ఆయాసం పదికి ఎంత, మర్నాడు ఎలా ఉన్నాను. నెల తిరిగేసరికి నీకు తెలియని నీ లెక్క అందులో కనపడుతుంది. డాక్టరుకు కూడా అదే చూపించు, అంతా నార్మల్ అనే ముందు ఆయన ఆ కాగితం చదవాల్సి వస్తుంది.

క్లాసులో ఎక్కం నువ్వు పాడక్కర్లేదు. సగం వరస ఒక జట్టు, సగం ఇంకో జట్టు చెప్పాలి, నువ్వు చేత్తో తాళం వెయ్యి. కేకలు వేసే చోట బల్ల మీద స్కేలుతో రెండు దెబ్బలు చాలు. ఒక వాక్యం చెప్పి నోరు మూసి, ముక్కుతో తీసుకుని, రెండో వాక్యం. పాఠం నెమ్మదిగా సాగితే పిల్లలకు మేలే. హెడ్‌మాస్టారిని కింది గది అడుగు. సిగ్గుపడి అడగకపోతే నేనే వచ్చి అడుగుతాను.

దసరా సెలవులకు పిల్లాణ్ణి తీసుకుని రా, రోజుకు రెండు పూటలా నా ఎదురుగా చేయిస్తాను. ఈలోగా ప్రతి ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి. మాట మధ్యలో ఆగాల్సి వస్తే కంగారు పడకుండా ఆగు. నువ్వు ఊపిరి తీసుకునేదాకా నేను లైన్లోనే ఉంటాను.

ఆశీస్సులతో,
మీ అత్త